గిక్కడనే నొస్తది

టేపు ఆపి సారిక తల పట్టుకుంది.

ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో ఊరు పోగొట్టుకున్న పన్నెండు మంది ఆడవాళ్ళ మాటలవి. వాళ్ళ ఒంటి బాధ ఏమిటో వాళ్ళ మాటల్లోంచే తేల్చాలన్నది ఆమె పరిశోధన.

ఆ పరిశోధన నివేదిక నిలబడితే రామగిరి దగ్గరి ఈ పునరావాస కాలనీకి లేడీ డాక్టర్ వస్తుంది. గడువు ఇంకా వారమే.

"ఎక్కడ నొస్తదక్కా?" అని అడిగిన ప్రతిచోటా ఒకటే జవాబు.

"గిక్కడ."

చెయ్యి ఎక్కడ పెట్టి చూపారో రాసుకోవడం సారిక మరిచింది. మళ్ళీ అడిగితే సిగ్గుపడి, "ఏం లేదు మేడం, మంచిగనే ఉన్న" అంటున్నారు.

కమ్యూనిటీ హాలు ఊడుస్తున్న పోశవ్వ నడుం పట్టుకొని లేచింది.

"ఏంది బిడ్డా గంత పరేషాన్? మళ్ళొక్కసారి పెట్టు."

"నీకేం తెలుస్తది అవ్వా?"

"పెట్టరాదు!"

టేపు తిరిగింది.

"గిది సమ్మవ్వ. చెయ్యి పొత్తికడుపు మీద ఉన్నది. గర్భసంచి జారింది. మొగనికి గూడ చెప్పలే. పేరు మాత్రం రాయకు."

సారిక నమ్మలేదు. సాయంత్రం సమ్మవ్వ ఇంటికే వెళ్ళింది.

"పొత్తికడుపేనా అక్కా?"

సమ్మవ్వ తలుపు దగ్గరికి వేసింది. చాలాసేపు ఏడ్చింది. తర్వాత అంతా చెప్పింది.

పన్నెండు టేపులు. పోశవ్వ ఒక్కదాంట్లో కూడా తప్పలేదు. ఒక్కొక్కరే నోరు విప్పారు.

నివేదిక చదివిన అధికారులు ఎదురు ప్రశ్న వేయలేదు.

మూడు నెలలకు డాక్టరమ్మ వచ్చింది. మొదటిరోజే ఆడవాళ్ళ వరుస రోడ్డు దాకా సాగింది.

"ఇన్నేండ్లు దాసింది ఒక్కనాడే చెప్తే డాక్టరమ్మ ఉరుకుతదే!" ఎవరో అన్నారు. అందరూ పగలబడి నవ్వారు.

సారిక పోశవ్వకని కొన్న కొత్త చీర పట్టుకొని ఆమె కోసం వెతికింది.

"ఆమె పోయి నెలాయె చెల్లె" అంది సమ్మవ్వ.

సారిక ఆ చీరను మెల్లగా సంచిలో పెట్టేసింది.

"హాలు ఊడ్చేటామెకు మీ అందరి సంగతి ఎట్ల తెలుసక్కా?"

"ఊడ్చేటామె ఏంది చెల్లె? మా పన్నెండు మంది కాన్పులు చేసింది ఆమెనే. 'నా చేతులు వణుకుతున్నయి, నేను పోకముందే మీకు డాక్టరమ్మను తెస్త' అన్నది, తెచ్చింది."