కింది వాటా మీటరు

శ్మశానంలో పాలు పోసి వచ్చిన ధనంజయ ఇంట్లోకి వెళ్లలేదు. తడి పంచెతోనే ఇంటి వెనక్కి నడిచాడు.

వెనక గోడకు రెండు గ్యాస్ మీటర్లు. ఒకదాని మీద ‘కింద’, ఇంకోదాని మీద ‘పైన’. రెండేళ్ల క్రితం తిరుపతిలో వాళ్ల వీధికి పైపు గ్యాస్ వచ్చినప్పుడు, బిగించినవాళ్లే మార్కరుతో రాసి పోయారు.

ధనంజయ హైస్కూల్లో లెక్కల మాస్టారు. రోజూ పొద్దున రెండు మీటర్లూ చూసి వంటింటి క్యాలెండర్లో రాసేవాడు. కింద తనూ, భార్య చంద్రకాంతమ్మా. నెలకు పద్దెనిమిది యూనిట్లు. పైన అద్దెకున్న ఎస్తేరు వాళ్లు ఆరుమంది. నెలకు తొమ్మిది.

“ఇద్దరికి పద్దెనిమిది, ఆరుమందికి తొమ్మిది. ఈ లెక్క ఎట్లా కుదురుతాది చెప్పు?” అనేవాడు.

“నేనేమన్నా గ్యాస్ తాగతాండానా సారూ?” అని ఆమె నవ్వేది. “మీరు పెండ్లి చేసుకునింది నన్నా, మీటరునా?”

కుక్కరుకు ఎంత, కాఫీకి ఎంత అని విడివిడిగా లెక్క కట్టాడు. అన్నీ కలిపినా తొమ్మిదే వచ్చింది. మిగతా తొమ్మిదీ ఎటు పోతున్నట్టు? పైపులకు సబ్బు నురగ పూసి చూశాడు. లీకు లేదు. మీకెలా సరిపోతుందని ఎస్తేరును అడిగాడు.

“ఏమో సార్. అంతా ప్రభువు దయ,” అందామె.

“పైనామెను చూసి నేర్చుకో,” అన్నాడు భార్యతో. రోజూ అన్నాడు.

చంద్రకాంతమ్మ నవ్వడం మానేసింది. సాయంత్రం కాఫీ మానేసింది. మోకాళ్లనొప్పులకు వేడినీళ్లు కాచుకోవడమూ మానేసింది. కింది మీటరు మాత్రం తగ్గలేదు. పైవాళ్లదే ఇంకో యూనిట్ తగ్గింది. అదీ చూపించి మళ్లీ అదే మాట అన్నాడు.

గురువారం పొద్దున ఆమెకు కాళ్లు పట్టేశాయి. చాలా రోజుల తర్వాత గిన్నెడు నీళ్లు పొయ్యి మీద పెట్టింది.

“నిజం చెప్పు,” అన్నాడు ధనంజయ. “నేను బడికి పోయినాక ఎవరికి వండి పెడతాండావు?”

ఆమె అతని ముఖంలోకి చూసింది. పొయ్యి కట్టేసింది.

అతను రెండు మీటర్లూ చూసి, అంకెలు రాసి, బడికి వెళ్లాడు. రెండో పీరియడ్‌లో ఎస్తేరు ఫోన్ చేసింది. చంద్రకాంతమ్మ వంటింట్లో పడిపోయి ఉందట. గుండె ఆగిపోయిందన్నారు డాక్టర్లు. గిన్నెలో నీళ్లు అలాగే ఉన్నాయి.

చావింట్లో పాలు పోసేదాకా పొయ్యి ముట్టించరు. చిత్తూరు నుంచి రాగానే బావమరిది మునస్వామి వంటింట్లో గ్యాస్ వాల్వు కట్టేశాడు. మూడు రోజులూ అందరికీ అన్నం, కాఫీ ఎస్తేరే పైనుంచి తెచ్చింది. “అక్క చేతి కాఫీలాగా రాదు సార్, అయినా రెండు గుక్కలు తాగండి,” అని బతిమాలింది.

“ఆడేం చేస్తాండావు బావా?” లోపలి నుంచి మునస్వామి కేకేశాడు. “దీపం పెట్టాల, రా.”

“వస్తాండా.”

అన్న మాట వెనక్కి రాదని ధనంజయకు తెలుసు. ఆ మాట అనకుండా ఉండాల్సింది. అదీ తెలుసు. కానీ లెక్క నిజమైతే చాలు. అంత గ్యాసూ ఆమే వాడిందని తేలితే, మిగిలిన రోజులు ఎలాగో మోయగలడు. పొయ్యి వెలగని ఈ మూడు రోజుల్లో కింది మీటరు కదలకుండా ఉండాలి.

గురువారం రాసిన అంకెలు అతనికి కంఠతా ఉన్నాయి. కింద 412.6. పైన 208.3.

వంగి, తువ్వాలు కొసతో రెండు అద్దాలూ తుడిచాడు.

‘కింద’ అని రాసిన మీటరు 414.9కి చేరింది, ‘పైన’ అని రాసినది, చంద్రకాంతమ్మ పొయ్యి కట్టేసిన 208.3 దగ్గరే ఆగి ఉంది.