ఇంకా ఖాళీ ఉంది

"రెండూ సమానంగా ఒంపమ్మా. ఏట్లో పారేసినా ఎంచి పారెయ్యమన్నారు" అన్నాడు మేస్త్రి.

కోడలు రెండు డబ్బాల్లోని ద్రవాల్నీ రెండు కొలత చెంబుల్లోకి ఒంపింది. విడివిడిగా ఉన్నంతసేపూ అవి బుద్ధిగానే ఉంటాయి. కలిశాయంటే మాత్రం నిమిషం తిరక్కుండానే నురగై పొంగి, సందు దొరికిన చోటికల్లా దూరి, అక్కడే గట్టిగా బిగుసుకుపోతాయి. పడవ అడుగున ఉండే బోలు గదుల్ని ఆ నురగతో నింపేస్తే, పడవకి చిల్లు పడినా నీళ్ళకి లోపల చోటుండదు. పడవ మునగదు.

ఈ పడవ ఒకసారి మునిగింది. నిరుడు గాలివానకి అడుగు పగిలి, బోలు గదుల్లోకి నీళ్ళు చేరి, మేస్త్రి కొడుకుని తీసుకుపోయింది. పడవని మాత్రం ఒడ్డుకి లాగి, అడుగు మళ్ళీ అతికాడు మేస్త్రి. ఈ నురగ పోయించుకోరా అని తండ్రి చెబుతూనే ఉన్నాడు. వచ్చే ఏడు చూద్దాం నాన్నా అని కొడుకు అంటూనే ఉన్నాడు.

ఇప్పుడు మనవడికి పద్దెనిమిది నిండాయి. చేపల వేటకే పోతానని, అదీ నాన్న పడవ మీదే పోతానని పట్టుబట్టాడు. కొత్త తాళ్ళు కొనుక్కోవడానికి ఇవాళ పొద్దున్నే బజారుకి కూడా వెళ్ళాడు. తల్లి మొదట్లో ఏడ్చింది, బతిమాలింది, అన్నం మానేసింది. మామగారు మనవడి వైపే మాట్లాడాడు.

"నీళ్ళ పక్కన పుట్టినవాణ్ణి ఎన్నాళ్ళు కట్టేస్తావమ్మా? మునగని పడవ చేసిస్తాను. పూచీ నాది."

ఆ తర్వాత ఆమె మళ్ళీ నోరెత్తలేదు. పైగా పనికి తనే సాయం వస్తానంది. హమ్మయ్య, గుండె రాయి చేసుకుందిలే అని పెద్దాయన స్థిమితపడ్డాడు.

రేవులో ఆయన్ని సందులేని మేస్త్రి అంటారు. ఆయన వేసిన అతుకులోకి దూరాలంటే చీమ కూడా ఆయన్నే దారి అడగాలని వేళాకోళం చేస్తారు. చెయ్యి ఇప్పటికీ అలాగే ఉంది, కళ్ళకే పొర కమ్మింది. ఎదుట ఎవరున్నారో తెలుస్తుంది గానీ, ఆ మనిషి ఏడుస్తున్నదీ నవ్వుతున్నదీ తెలియదు.

అందుకే కోడల్ని పడవ ముందు కొసన కూర్చోబెట్టాడు. తను వెనక చిల్లులోంచి పోసి బిరడా బిగిస్తాడు. నురగ లోపల్లోపలే ముందుకి పాకుతుంది. ముందువైపున్న గాలి చిల్లుల్లో నురగ తల చూపిందంటే గది నిండినట్టే లెక్క.

"కనిపించగానే చెప్పు. ఆ పైన పోస్తే పొంగుకి దారుండదు, పడవే పగులుతుంది" అన్నాడు.

మొదటి విడత పోశాడు. లోపల చిటపటలు వినిపించాయి.

"కనిపించిందా?"

"లేదు మామయ్యా."

చల్లారనిచ్చి రెండో విడత పోశాడు. కాసేపటికి ఆమె పాతగుడ్డతో ఏదో తుడవడం మసగ్గా కనిపించింది. ఏమిటమ్మా అది అని అడిగాడు.

"చెమట మామయ్యా. ఇంకా ఖాళీ ఉంది."

"నా లెక్క ప్రకారం ఈపాటికి నిండాలే."

"పిల్లాడు ఎక్కే పడవ. లోటు చెయ్యకండి."

మనవడి మాటొస్తే ఆయన లెక్కలు ఎప్పుడూ నిలవవు. మూడో విడత కలిపి పోసి బిరడా బిగించాడు.

ముందు పడవ మూలిగింది. తర్వాత పై బల్ల ఉబ్బి పైకి లేచింది. పక్క అతుకు ఈ కొస నుంచి ఆ కొస దాకా విచ్చుకుంది. లేత పసుపు నురగ బయటికి పొర్లి ఎక్కడికక్కడ గట్టిపడింది. మేస్త్రి చేతులతో పొడుగునా తడుముకుంటూ వెళ్ళాడు. ఈ నురగ తియ్యాలంటే పడవని ముక్కలు చెయ్యాల్సిందే. ఇంకో పడవ కొనే తాహతు ఆ ఇంటికి లేదు.

మనవడు తాళ్ళ చుట్టతో తిరిగొచ్చి, పడవని చూసి, అక్కడే కూలబడ్డాడు. నా చెయ్యి తప్పిందిరా అన్నాడు తాత. కుర్రాడు సాయంత్రానికి, నీళ్ళకి ఎంతో దూరంలో ఉన్న మేనమామ వడ్రంగి దుకాణానికి వెళ్ళడానికి ఒప్పుకున్నాడు. వేరే దారి లేక ఒప్పుకున్నాడు.

మేస్త్రి పనిముట్లన్నీ మూటగట్టి అటక మీదికి నెట్టేశాడు. ఇంక ఏ పడవ మీదా చెయ్యి వెయ్యనన్నాడు.

"కొలతే తప్పానో, కళ్ళే మోసం చేశాయో. వాణ్ణి నడి నీళ్ళలోకి పంపాక పగిలుంటే ఏమయ్యేదమ్మా?"

"మీ తప్పేం లేదు మామయ్యా" అంది కోడలు.

ఆయన నమ్మలేదు. ఆమె తలెత్తలేదు. పెరట్లో తొట్టి దగ్గర కూర్చుని గోళ్ళ సందుల్లో అంటుకున్న పసుపు మరకల్ని గీకుతూనే ఉంది.

రెండో విడతకే గాలి చిల్లుల్లో నురగ తల చూపింది.