వెనకాల చప్పుడు

"పెద్దాయనా, చప్పుడు చేయబాకండి. రికార్డింగు జరగతా ఉంది!"

ఉష విసుక్కుంది.

వలల పాక అంచున కూర్చున్న ముసలాయన తలెత్తాడు. మెడ చుట్టూ తువ్వాలు, ఒళ్ళో బోర్లించిన ప్లాస్టిక్ డబ్బా. రికార్డింగా అన్నట్టు ఆమె ఫోను వైపు వేలు చూపించాడు.

ఔనని తలూపింది ఉష.

ఆయన మొహం విప్పారింది. నోరు మాత్రం విప్పలేదు.

ఉషది కోవూరు. నెల్లూరులో జర్నలిజం పీజీ చివరి ఏడాది చదువుతోంది. ఫోన్లు రాకముందు సముద్రపు పల్లెలకు కబుర్లు ఎట్లా చేరేవన్నది ఆమె ప్రాజెక్టు. అందుకే ఈ పల్లెకొచ్చి ముత్యాలయ్యను పట్టుకుంది. ఆయనకేమో బ్రహ్మచెవుడు. ప్రతి ప్రశ్నా అరిచి అడగాలి. దానికి తోడు వెనకాల ఈ డబ్బా గోల!

"తుపాను వస్తాదని మీకెట్టా తెలిసేది తాతా?" అని అరిచింది.

వల బాగుచేస్తున్న ముత్యాలయ్య చెయ్యి ఆగింది.

"టముకు మ్మా! తెల్లారకముందే ఒకాయన ఒడ్డెంబడి టముకు కొట్టుకుంటా పోయేవోడు. వేటకు పోవచ్చంటే ఒక దరువు, పోగూడదంటే ఇంకో దరువు. నోటితో చెప్పే పనే లేదు. పోగూడదనే దరువు వినబడిందా, పిలకాయలకు పండగే! నాయన ఇంట్లోనే ఉంటాడు గదా. మాయమ్మ ఎండుచేపల పులుసు పెట్టేది. గాలికి ఇంటి కప్పు లేసిపోతా ఉన్నా, నాయన పక్కన పండుకుంటే భయమే ఉండేది కాదు."

ముత్యాలయ్య కళ్ళు తుడుచుకున్నాడు.

"ఇప్పుడు ఫోన్లో మెసేజి వస్తాది. చూసి జేబులో ఏసుకుంటారు. నాకు చెవులు పోయినా, ఆ దరువు మాత్రం వినబడతానే ఉండాది."

"ఎవరు తాతా ఆయన? ఎట్టా ఉంటాడు?"

"మొహం ఎవురు చూసినారు మ్మా? మేం తలుపు తీసేలోపల ముందు పల్లెకు పోయేవోడు. బోగోలు పక్కనించి వస్తాడనేవోళ్ళు."

టక టక్. టకటక టక్.

డబ్బా మళ్ళీ మొదలయింది. ఈసారి గట్టిగా, తీరుబడిగా. ఉష ఓర్చుకుంది, ఓర్చుకుంది, ఇక ఆమె వల్ల కాలేదు.

"చాలు పెద్దాయనా! మీకు దండం పెడతా!"

అనడమే కాదు, నిజంగానే రెండు చేతులూ జోడించింది.

ముసలాయన లేచాడు. తనూ చేతులు జోడించాడు. నవ్వు మొహంతో, ఇసకలో కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళిపోయాడు.

హమ్మయ్య అనుకుంది ఉష.

హాస్టల్లో ఆదివారమంతా కంప్యూటరు ముందు కూర్చుని, ఆ టకటకను ఎక్కడికక్కడ తుడిచేసింది. ఫోన్లో చోటు చాలక అసలు రికార్డింగు కూడా తీసేసింది. ముత్యాలయ్య గొంతు కడిగిన ముత్యంలా తేలింది. తనను తానే మెచ్చుకుంది.

ప్రాజెక్టు చూసే హరినాథ్ సారు చివరిదాకా విన్నారు.

"బాగుంది తల్లీ. కానీ టముకు ఏది? అన్ని పల్లెలు విన్న చప్పుడుకి ఎక్కడా రికార్డు లేదు. ఆ దరువు లేకుండా ఈ ప్రాజెక్టేమిటి, పెళ్ళికొడుకు లేని పెళ్ళి కాకపోతే! పో, ఆయన్ని వెతికి పట్టుకో."

ఉష బోగోలు చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగింది. టముకు కొట్టే ఆయన పేరు సమాధానమని ఒకచోట తెలిసింది. చివరికి ఒక ఇంటి ముందు బియ్యం చెరుగుతున్న రెబెక్కమ్మ అనే ఆమె దగ్గర ఆగింది.

"టముకు సమాధానం గారి ఇల్లు ఇదేనా అక్కా?"

"ఇదే మ్మా. మా నాయనే. పోయి నెలయింది."

ఉష అరుగు మీద కూలబడింది.

"ఆ దరువు ఇంకెవరికైనా వచ్చా అక్కా?"

"ఎవురికీ రాదు. టముకు తోలు ఎప్పుడో చివికిపోయింది. గొంతు ఆపరేషనై మాట పడిపోయినాక, ఈ దరువు నాతోనే పోతాది గదా అని సైగలు చేసి ఏడ్చేవాడు."

ఉష చటుక్కున తలెత్తి లోపలికి చూసింది.

గోడ మీద ఫోటో. మెడ చుట్టూ అదే తువ్వాలు. అదే విప్పారిన మొహం.

ఆమెకు ఏడుపు ఆగలేదు.

"అయ్యో, ఏడవబాక మ్మా, దరువు యాడికీ పోలా!" అంటూ రెబెక్కమ్మ చేట పక్కనపెట్టి దగ్గరికొచ్చింది. "ఎవురో చదువుకునే పాప టముకు సంగతి అడగతా ఉందని తెలిసి, జొరంతోనే బస్సెక్కి పోయి డబ్బా మీద వాయించి వచ్చినాడు. ఆ పాప దండం కూడా పెట్టిందని సైగ చేసి చూపించి, ఆ పూట కడుపునిండా అన్నం తిన్నాడు. ఆమె ఫోన్లో బద్రంగా ఉంటాది, పోయి అడుగు మ్మా, ఇస్తాది."