మొదటి పళ్ళెం

“మీ ఆయన ఓడ దిగిపోయేరండి. అందరూ దిగేరని చూసుకున్నాకే నిచ్చెన తీస్తారు,” అన్నాడు దొరబాబు.

“దిగుంటే ఇంటికి రాకుండా యాడికి పోతాడు?” అంది అలివేలుమంగ. బల్ల పట్టుకుని నిలబడిందే గాని, చూపించిన కుర్చీలో కూర్చోలేదు.

పాండిచ్చేరిలో ఓడ టిక్కెట్లమ్మే ఆఫీసది. పెనాంగు నుంచి పెద్ద ఓడ మద్రాసు చేరి వారమైంది. అందులో రావలసిన ఆమె మొగుడు సీతాపతి మాత్రం రాలేదు. పెద్ద బజారులో బట్టల కొట్టు ఆయనది. ఆయన పెట్టె మద్రాసు రేవులో దిక్కూమొక్కూ లేకుండా పడి ఉందని ఆ పొద్దుటే తెలిసింది.

“కావాలని వెళ్ళిపోయే మనిషి పెట్టె మోసుకెళ్తాడేటండి?” అన్నాడు దొరబాబు. అన్నాక నాలిక్కరుచుకున్నాడు. చెడ్డవాడు కాడు. యానాం నుంచి వచ్చి ఉద్యోగంలో చేరి ఇంకా ఏడాది కాలేదు. ఆ పెద్ద ఓడని తనే దగ్గరుండి కట్టించినట్టు మాట్లాడతాడు, అంతే.

అలివేలుమంగకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మొగుడు ఇంకో ఇల్లు చూసుకున్నాడని తెలిసినా ఆ క్షణాన ఆమె ఓర్చుకునేదే. ఎక్కడో ఒకచోట బతికి ఉంటే చాలు.

ఓడలో సుబ్బరాయలని ముసలి బట్లరు ఉన్నాడనీ, వడ్డించేది ఆయనే కాబట్టి ఆయన్నడిగి కనుక్కోమనీ చెప్పింది.

“వెయ్యిమంది ఎక్కే ఓడండి. ఎవరెవరో బట్లర్లకేం తెలుస్తుందండి?”

“ఆయనకి తెలస్తాది నాయనా. చిన్న కప్పల్‌లో పనిచేసినోడు.”

కప్పల్ అంటే తమిళంలో ఓడ. చేరిన కొత్తలో దొరబాబుకు ఆ సంగతి తెలియక, కప్పల మీదెక్కి మనుషులు పెనాంగు పోవడమేమిటని తెల్లబోయేవాడు. ఇప్పుడు అలవాటైపోయింది. మద్రాసు రేవుకు ట్రంకాల్ బుక్ చేశాడు.

లైను కలిసేదాకా ఆమె, ఈ పెద్ద ఓడ రాకముందు నడిచిన చిన్న ఓడ కబుర్లు చెబుతూనే ఉంది. నోరు మూసుకుంటే భయమేస్తోంది మరి. మొగుడి వెంట ఆమె కూడా ఆ ఓడలో వెళ్ళొచ్చిన మనిషే. ఓడ రేవు దాటిందంటే సుబ్బరాయలుకు అందరూ అత్తలూ మామలూ అయిపోయేవారు. ఊగినప్పుడు పళ్ళేలు జారకుండా బల్లమీద గుడ్డ తడిపి పరిచేవాడు. కడుపులో తిప్పేవాళ్ళకు అల్లం వేసిన గంజి పడక దగ్గరికే వచ్చేది. ఒక్క కుర్చీ ఖాళీగా ఉన్నా ఎవరూ మెతుకు ముట్టేవారు కాదు. సుబ్బరాయలు వెళ్ళి ఆ మనిషిని వెతికి తీసుకురావలసిందే.

దొరబాబుకు ఆవులింత వచ్చింది. ఇప్పుడు అవన్నీ లేవన్నాడు. భోజనానికి మైకులో పిలుస్తారు, పళ్ళెం పట్టుకుని ఎవరికి వాళ్ళు వరసలో నిలబడాలి, తిన్నాక చూడ్డానికి సినిమా కూడా ఉంది.

“ఒక మనిషి రాకుంటే, ఏందని అడిగేవాళ్ళే లేరా?”

“అంతమందిని ఎక్కడడుగుతారండి?”

ఆమె మళ్ళీ పాత ఓడ దగ్గరికే పోయింది. ఒకసారి కారైక్కాల్ ముసలాయన ఒకాయన జ్వరమొచ్చి దారిలోనే పోతే సముద్రానికే అప్పజెప్పారు. ఆ తర్వాత ఒడ్డు చేరేదాకా, ఏ పూటైనా మొదటి పళ్ళెం ఆయన పేరున పెట్టాకే మిగతావాళ్ళకు వడ్డించేవాడు సుబ్బరాయలు. ఇది చెబుతుండగానే ఫోను మోగింది. దొరబాబు అటు తిరిగాడు. ఆ ముసలాయన సంగతి అతని చెవిన పడనే లేదు.

ఫోనులో ఉన్నది ఓడ అధికారే. దొరబాబు వీధిలోకి వినపడేంత గట్టిగా అరుస్తూ సీతాపతి పేరు చెప్పాడు, సుబ్బరాయలు పేరు చెప్పాడు. తర్వాత చాలాసేపు విన్నాడు. వింటున్నకొద్దీ అతని మొహం విప్పారింది. ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి ఆమె వైపు తిరిగాడు.

“మీరన్నది నిజవేనండి. సుబ్బరాయలుకి మీ ఆయన బాగా తెలుసంట. ఒకరోజు మీ ఆయన కనపడ్డం లేదని పెద్ద గోల చేసేడంట. ఓడ ఆపండి, వెనక్కి తిప్పండి అన్నాడంట. ఇంత ఓడలో ఏ మూలో పడుకునుంటాడు, పో అన్నారంట వీళ్ళు.”

“ఆనక?” అందామె బల్లమీదికి వంగి.

“ఆనక దొరికేసుంటారండి. ముసలాయన మళ్ళీ నోరెత్తలేదంట. అక్కణ్ణించి మద్రాసు దాకా పూటపూటా మీ ఆయనకే ముందు పెట్టేడంటండి. వరసలో జనం ఎంత తిట్టుకున్నా వినలేదంట. మొదటి పళ్ళెం సీతాపతి మావయ్యకి, తర్వాతే కెప్టెనుకైనా, అనేవాడంట.”

అలివేలుమంగ కుర్చీ కోసం వెనక్కి చెయ్యి చాచింది. తడుముకుని కూర్చుంది.

“చూసేరా? పెద్ద ఓడలోనూ మర్యాద చేసేవాళ్ళున్నారండి,” అన్నాడు దొరబాబు, ఆమెకు ఊరట కలిగించానన్న సంతోషంతో. “ఆఖరి పూట దాకా కడుపునిండా తిన్న మనిషికి ఏవవుతుందండి? వచ్చేస్తారు. ఇంక ఫోను పెట్టెయ్యమంటారా?”

“పెట్టేయొద్దు నాయనా,” అంది అలివేలుమంగ. “ఆ మొదటి పళ్ళెం ఏ పొద్దునుంచి పెట్నాడో అడుగు. తిథి తెలిస్తేనే కదా తద్దినం పెట్టేది.”