తెరవని ఆటలు

అతను లిఫ్టు మెకానిక్ ఉద్యోగం మానేసి వారమైంది. తీరిక దొరికినప్పుడు ఆడదామని పన్నెండేళ్ళుగా కొని కంప్యూటర్లో దాచుకున్న ఆటలు నూట నలభై. వాటిలో ఒక్కటీ తెరిచిన పాపాన పోలేదు. ఇప్పుడు రోజుకి రెండు చొప్పున తెరుస్తున్నాడు.

కానీ గెలుద్దామన్న ధ్యాసే లేదు. శత్రువులు కాల్పులు మొదలుపెడితే పక్కకి తప్పుకుని, కొండెక్కి చుట్టూ చూస్తున్నాడు. మంచు, పసుపు పూల మైదానం, వానలో తడిసిన వంతెన. తనివితీరా చూశాక కాగితం మీద ఆ ఆట పేరు కొట్టేసి ఇంకోటి తెరుస్తున్నాడు.

మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది.

"ఉద్యోగం మానేశావట. నలభై దాటాక ఈ ఆటలేమిట్రా? పెళ్ళీ పెటాకులూ లేకుండా ఒక్కడివే ఆ గదిలో పడి ఉంటే ఎలా?"

అతను తెర మీది వెలుతురు కాస్త తగ్గించాడు.

"చూపు ఆర్నెల్లకి మించి నిలవదన్నాడక్కా కంటి డాక్టరు. బయట ఎండకి కళ్ళు తట్టుకోవట్లేదు. దాచుకున్నవైనా చూసేద్దామని."



"ఇవాళ ఏం చూస్తున్నావు?" అంది అక్క.

"సముద్రం."

"కాసేపు ఆపి ఉంచు. నేనూ వస్తున్నా."