బల్ల మీది చీటీ

మా ఇంట్లో కాగితాలు దాచే అలవాటు లేదు. ఉన్నది నేనూ మనవరాలూ. పన్నెండేళ్ళొచ్చినా దానికి అక్షరాలు ఒకచోట నిలిచేవి కావు.

"మెదడు రాయి కాదు, రోజూ నడిస్తే కొత్త దారి పడుతుంది," అంది టీచరమ్మ. గడియారాలు బాగుచేసి బతికినవాణ్ణి, ఆగినదాన్ని చూస్తే నా చేతులు ఊరుకోవు. ఏడాదిన్నర రోజూ వేలితో బల్ల మీద తాళం వేశాను. అది ఇసుకలో దిద్దుతూ దెబ్బకో అక్షరం పలికేది.

"నేనేమన్నా నీ రిపేరు గడియారాన్నా తాతా?" అని విసుక్కునేది.

నిన్న పొద్దున గోడ గడియారానికి కీ ఇస్తుంటే వెనక దాని గొంతు వినబడింది. ఎవరూ చదవమనకుండానే చదువుతోంది. సంబరంగా వేలితో గోడ మీద తాళం వేయసాగాను.

"పె...ద్దా...య...న...కు ఇ...క మం...దు...లు ప...ని...చే...య...వు."

నా వేలు ఆగిపోయింది. ఇంటివాళ్ళకి చూపించమని ఆస్పత్రిలో నా చేతికిచ్చిన చీటీ అది. ఎప్పటిలాగే బల్ల మీద పడేశాను.

"తప్పు చదివాను కదూ తాతా? నేనెప్పుడూ తప్పే కదా చదివేది."

అవునంటే నవ్వేసి ఆడుకోవడానికి పోయేది. మళ్ళీ జన్మలో తన కళ్ళని తను నమ్మేది కాదు.

"ఒక్క అక్షరం కూడా తప్పు పోలేదమ్మా," అన్నాను.