తులసి దగ్గరి గాజుపలక

తులసి గద్దె పక్కనున్న గాజుపలకను చేతిలోకి తీసుకున్న నవ్యశ్రీ అలాగే నిలబడిపోయింది. పలక నల్లగా ఉంది.

బొగ్గు లారీలు తిరిగే తమ కాలనీలో ఎక్కడ ఎంత దుమ్ము పడుతుందో తేల్చాలని, ఆమె, పదో తరగతి దోస్తులు కలిసి మూడు నెలల కిందట పది చోట్ల, దుమ్ము అంటుకునేలా వ్యాజ్‌లీన్ రాసిన పలకలు పెట్టారు. ప్రతి ఆదివారం తీసి చూసేవారు. తొమ్మిది నల్లబడేవి. తన ఇంటి వెనుక, తులసి దగ్గరిది మాత్రం ఎప్పుడూ శుభ్రంగానే ఉండేది.

అది చూసే, బొగ్గుబావిలో పనిచేసి ఊపిరితిత్తులు పాడైన తండ్రి మంచాన్ని గదిలోంచి తులసి పక్కకు మార్పించింది.

"గీడ గాలి మంచిగున్నది బాపూ."

"నా బిడ్డ సైంటిస్టు. చెప్తే వినాలె గద," అని ఆయన దగ్గుతూనే నవ్వాడు.

ఆయన పోయి నేటికి ఎనిమిది రోజులు.

"అవ్వా, గీ పలక ఎట్ల నల్లబడ్డది? ఇన్ని దినాలు సాఫ్‌గనే ఉండె!"

తల్లి కొంగుతో కళ్లు తుడుచుకుంది. "మైల గదా బిడ్డా, బాపు పోయినప్పటిసంది తులసమ్మ దిక్కు పోలే. లేకుంటే రోజు పొద్దుగాల దీపం పెట్టేముందు తుడిచి, మళ్ల వ్యాజ్‌లీన్ రాసి పెడుతుంటి. దేవుని కాడ మురికి ఉండొద్దని. ఏం, తప్పయిందా?"

నవ్యశ్రీ తులసి పక్కన తండ్రి మంచం వేయించిన చోటు వైపు చూసింది.

"లేదవ్వా," అంది. "నేనే సరిగ్గ చూసుకోలే."